డాక్టర్ సీటుకు ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్

ఇది ఒక మహా ఇతిహాసం. ఇందులో ఎడారి ఉంది, సముద్రం ఉంది, రక్తం ఉంది, కన్నీళ్లున్నాయి. ఒక ఆడపిల్ల తన తలరాతను తానే తిరగరాసుకున్న ఘట్టం కూడా ఉంది. పాఠకులు కాస్త సర్దుకుని కూర్చోవాలి.

కూర్చున్నారు కదా, ఇక నిజం చెబుతాను. ఎడారిని మేం కంపెనీ పికప్ కిటికీలోంచి చూశాం, సముద్రాన్ని విమానం కిటికీలోంచి. రక్తం మొదటిసారి చూసినప్పుడు, పూర్తిగా చూడకముందే కిందపడ్డాను. తలరాత సంగతి వదిలేయండి, నా చేతిరాతే నాకు సరిగా అర్థం కాదు. తొంభైల మొదట్లో మస్కట్‌లో ఉన్న ఒక తెలుగు పిల్ల మెడికల్ కాలేజీకి అప్లికేషన్ పెట్టుకుంది. ఆ కవరులో ఒక కాగితం ఎక్కువైంది. ఉన్న కథ ఇంతే.

మా బాపు మస్కట్ శివార్లలోని రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్. నిజామాబాద్ దిక్కు నుంచి హెల్పర్‌గా వచ్చి, ఏళ్ల తరబడి నట్లు, బోల్టులు సర్ది, చివరికి స్టోరు తాళంచెవి సంపాదించాడు. ఆ తాళంచెవి వెనకాలే ఫ్యామిలీ వీసా వచ్చింది. వీసా వెనకాల అమ్మా నేనూ వచ్చాం. బౌషర్‌లో రెండు గదుల ఇల్లు, ఇండియన్ స్కూల్లో చదువు.

డాక్టర్ ఎందుకు అవ్వాలనుకున్నావని అడిగితే, చిన్నప్పుడు ఎవరో నా చేతుల్లో ప్రాణం విడిచారని చెప్పాలని ఉంటుంది. అలాంటిదేమీ జరగలేదు. పదో తరగతిలో కప్ప జీర్ణవ్యవస్థ బొమ్మ బాగా వేశాను. టీచరమ్మ "నువ్వు డాక్టరవుతావు" అంది. ఆమె ఆ మాట క్లాసులో కనీసం సగం మందికి చెప్పి ఉంటుంది. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను, ఆయన నమ్మేశాడు. ఆయన నమ్మకం చూసి చూసి నేనూ నమ్మాను. తమాషాగా మొదలైనా, పన్నెండో తరగతికి వచ్చేసరికి ఇంకేదీ వద్దు అన్నంత గట్టిగా నమ్మాను.

దారులు మాత్రం ఎక్కువ లేవు. మా రాష్ట్రంలో ఎంట్రెన్సు రాద్దామంటే బయట చదివాను కాబట్టి నాన్-లోకల్. డొనేషన్ సీటు అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కూడా కాదు. మిగిలింది దక్షిణాదిలో ఒక ఆస్పత్రి వాళ్లు నడిపే కాలేజీ. విదేశాల్లో పెరిగిన పిల్లలకు కొన్ని సీట్లు, డొనేషన్ లేకుండా ఇచ్చేవాళ్లు. అందుకు వాళ్లు మూడు అడిగారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి సగటు ఎనభైకి తగ్గకూడదు. ఏదైనా ఆస్పత్రిలో కొన్నాళ్లు పని చేసినట్టు అక్కడి డాక్టర్ ఉత్తరం కావాలి. ఆ రెండూ నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఒక్క కాలేజీ, ఒక్క కవరు. అది పోతే బీఎస్సీ. బీఎస్సీలో తప్పేమీ లేదు గానీ, బాపు ఆ మాటను ఏదో అంటురోగం పేరులా పలికేవాడు.

ఆ మూడింటిలో మధ్యది, వర్క్ ఎక్స్‌పీరియన్స్, మా ఇంట్లో శుక్రవారం అన్నాల దగ్గర చర్చకు వచ్చింది. శుక్రవారం అంటే సెలవు. సెలవంటే కాక వస్తాడు. కాకదీ మా బాపుదీ ఒకటే ఊరు. రుసైల్‌లోనే వెల్డర్, క్యాంపులో ఉంటాడు. వారమంతా మెస్సులో పప్పు తిని, శుక్రవారం మా ఇంట్లో మటన్ తినడానికే బతికున్నానని అమ్మతో అనేవాడు.

"ఏందే బిడ్డా, ఎక్స్‌పీరియన్స్ అడిగిన్రా? గదెంత పని!" అన్నాడు కాక, ఎముక పక్కన పెట్టి.

ఇక్కడ కాస్త ఆగాలి. గల్ఫ్ వీసాకు ఎక్స్‌పీరియన్స్ అడుగుతారు. ఎప్పుడూ ఐదేళ్లే అడుగుతారు. ఐదేళ్ల అనుభవమున్న వెల్డర్, ఐదేళ్ల అనుభవమున్న ఏసీ మెకానిక్. మా దిక్కున ఎండాకాలంలో బావులు తవ్వినవాళ్లు, బీడీల కార్ఖానాలో గంపలు మోసినవాళ్లు, టౌన్‌కు పోయి ఒక కాగితం తెచ్చుకునేవాళ్లు. అందులో ఐదేళ్లు ఉండేవి, ముద్ర ఉండేది. విమానం దిగాక పని నేర్చుకునేవాళ్లు. కాక వెల్డింగ్ రాడ్డును మొదటిసారి చూసింది మస్కట్‌లో. ఎటువైపు పట్టుకోవాలో పక్కన ఉన్న పాకిస్తానీ చూపించాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలో కష్టమైన అతుకు ఏదైనా వస్తే కాకనే పిలుస్తారు. కాబట్టి కాక దృష్టిలో ఎక్స్‌పీరియన్స్ అనేది పని మొదలుపెట్టే ముందు తెచ్చుకునే వస్తువు, చెప్పుల్లాగ.

"కాకా, నేను నిజంగ ఆస్పత్రిల పని చెయ్యాలె," అన్నాను.

"చెయ్యవే, ఎవడొద్దన్నడు. కాయితం నేను తెస్త. పని నువ్వు నిమ్మలంగ చెయ్యి."

"వద్దు కాకా."

"వచ్చే నెల లీవుల పోతున్న. మనోడే ఉన్నడు టౌన్ల."

బాపు ఏమీ అనలేదు. అది ఒప్పుకోవడం కాదు, కాదనడమూ కాదు. బాపు మౌనం స్టోరులో "వచ్చినంక చూద్దాం" అని పక్కన పెట్టే సరుకులాంటిది.

ఆస్పత్రిని వెతికింది అమ్మ. మా క్లాసులో డాక్టర్ల పిల్లలకు వాళ్ల నాన్నల ఆస్పత్రులున్నాయి. మాకు నట్లు, బోల్టులు ఉన్నాయి. అమ్మ తన మోకాళ్ల నొప్పికి బౌషర్‌లో ఒక చిన్న క్లినిక్కుకు వెళ్లేది. అక్కడ ఒక పెద్దావిడ డాక్టర్, మలయాళీ. అమ్మకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ రాని హిందీలోనే ఏళ్లుగా చక్కగా మాట్లాడుకునేవాళ్లు. పన్నెండో తరగతి పరీక్షలవ్వగానే అమ్మ నన్ను తీసుకెళ్లి ముందుకు తోసి, "మేరీ బేటీ. కామ్ దేవో. పైసా నక్కో" అంది. నా మొదటి ఉద్యోగం అలా దొరికింది.

మొదటి రోజు డాక్టరమ్మ నన్ను డ్రెస్సింగ్ గదిలో నిలబెట్టింది. ఒకాయన చెయ్యి తెగి వచ్చాడు. నర్సు కట్టు విప్పింది. నాకు గుర్తున్నది అంతవరకే. కళ్లు తెరిచేసరికి నేను పరుపు మీద ఉన్నాను. చెయ్యి తెగినాయన పక్కన నిలబడి మంచి చేత్తో నాకు నీళ్లిస్తున్నాడు. "బీపీ చూడండమ్మా పాపం," అంటున్నాడు నర్సుతో.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ధైర్యం కాదు, కాలేజీ ఇంకోటి లేదు.

ఆ తర్వాత పడలేదు. ట్రేలు కడిగాను, దూది ఉండలు చుట్టాను, పిల్లలకు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు వాళ్ల కాళ్లు పట్టుకుని తన్నులు తిన్నాను. అన్నిటికంటే ఎక్కువగా చేసింది మాటలు మోయడం. సైట్లలో పనిచేసే మనవాళ్లు చాలామంది వచ్చేవాళ్లు. వాళ్లు తెలుగులో చెబితే నేను డాక్టరమ్మకు ఇంగ్లీషులో చెప్పేదాన్ని.

ఒకరోజు ఒక మేస్త్రీ వచ్చాడు. "కడుపుల మంట బిడ్డా. మూడు దినాలాయె. ఫోర్‌మన్‌కు చెప్తే నాటకమన్నడు. గిది కంపెనీకి తెలుస్తదా? అన్‌ఫిట్ అని రాస్తే నన్ను వాపస్ పంపిస్తరు. ఇంటికాడ బోరు ఏసిన, నీళ్లు పడలే" అని బోరు గురించి, అందులో పడని నీళ్ల గురించి చాలాసేపు చెప్పాడు.

నేను డాక్టరమ్మ వైపు తిరిగి, "కడుపులో మంటట," అన్నాను.

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఆయన అంతసేపు మాట్లాడాడు. నువ్వు రెండు మాటలు చెప్పావు."

"మిగతాది రోగం కాదు మేడమ్."

"ఏది రోగమో నేను చూసుకుంటాను. ఆయన ఎంత చెప్పాడో అంత చెప్పు. తగ్గించకు, బాగుచెయ్యకు."

బోరుతో సహా అంతా చెప్పాను. కంపెనీకి ఏమీ రాయనని ఆయనతో చెప్పమంది. చెప్పాను. అప్పుడాయన గొంతు తగ్గించి, రెండు రోజులుగా విరేచనం నల్లగా వెళ్తోందని చెప్పాడు. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, వెంటనే పెద్దాస్పత్రికి పంపించింది. కడుపులో పుండు, లోపల రక్తం కారుతోందట. కొన్ని రోజులకు నడుచుకుంటూ వచ్చి కనబడ్డాడు. పండ్లు తెచ్చాడు. డాక్టరమ్మకు అరటిపండ్లు, నాకు ఒక యాపిల్. నేను కాపాడింది ఆ యాపిల్ విలువ మేరకే అనుకుంటాను. కానీ ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే, కప్ప బొమ్మతో సంబంధం లేకుండా, నాకు ఈ పని కావాలి అనిపించింది. ఇది కాస్త నాటకంలా ఉందని తెలుసు. అయినా అనిపించింది, ఏం చేస్తాం.

చివరి రోజు డాక్టరమ్మ ఉత్తరం ఇచ్చింది. చాలా చిన్నది. ఈ అమ్మాయి మూడు వారాలు వచ్చింది. మొదటి రోజు స్పృహ తప్పింది. మర్నాడు సమయానికి వచ్చింది. రోగుల మాటలను పూర్తిగా చెప్పడం నేర్చుకుంది. కింద సంతకం. పొగడ్త ఎక్కడుందో అని కాగితం తిప్పి వెనక కూడా చూశాను. లేదు.

ఇంతలో కాక లీవు నుంచి వచ్చాడు. సంచీలోంచి పచ్చళ్లు, సర్వపిండి తీసి, వాటి అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఒక కాగితం తీశాడు. నూనె మరక లేదు. నేను గట్టిగా చదివాను, అమ్మకు తెలుగులో అర్థం చెబుతూ.

ఫలానా పిల్ల మా నర్సింగ్ హోమ్‌లో సర్జికల్ అసిస్టెంటుగా ఐదేళ్లు పనిచేసింది. మంచి నడవడి గలది. మద్యం సేవించదు. ఎత్తైన చోట్ల పనిచేయుటకు భయపడదు. సొంత పనిముట్లు కలవు. ఓవర్‌టైమ్ చేయుటకు సిద్ధం.

టౌన్‌లో టైపు కొట్టేవాడి దగ్గర ఎలక్ట్రీషియన్ నమూనా ఒక్కటే ఉందట. పని పేరు మార్చి మిగతాది అలాగే కొట్టాడు. కింద మూడు ముద్రలు. రెండు నర్సింగ్ హోమ్‌వి, అలాంటి నర్సింగ్ హోమ్ ఎక్కడా లేదు. మూడోది దగ్గరపెట్టి చూస్తే మోటార్ వైండింగ్ షాపుది.

"గా మూడోది ఎందుకు కాకా?"

"బలానికి," అన్నాడు కాక.

"ఐదేండ్లంటే పన్నెండేండ్లప్పటి నుంచి నేను ఆపరేషన్లు చేస్తున్నట్టు."

"తెలివిగల్ల పిల్లవని అనుకుంటరు."

అమ్మ మాత్రం ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. "ఎత్తంటే భయం లేదా? మేడ మీద బట్టలారెయ్యవే అంటే ఎన్నడన్న పోయినవా?"

అందరం కడుపు పట్టుకుని నవ్వాం. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు నన్ను మోసం చేసింది.

రిజల్టు జూన్‌లో వచ్చింది. బయాలజీ బాగా, ఫిజిక్స్ ఫరవాలేదు, కెమిస్ట్రీ దేవుడి దయ. సగటు ఎనభై గడపను తలుపు వేసేలోపు దాటింది. మార్కుల షీటు, డాక్టరమ్మ ఉత్తరం జిరాక్సులు, ఫోటోలు కవరులో పెట్టి బాపుకు ఇచ్చాను. ఆయన డ్యూటీకి వెళ్తూ పోస్టాఫీసులో వేశాడు.

ఆ శుక్రవారం కాక అన్నంలో చారు కలుపుకుంటూ తాపీగా అడిగాడు: "అన్నా, మన కాయితం పెట్టినవా లేదా?"

"పెట్టిన," అన్నాడు బాపు.

నేను ముద్ద కంచంలో పెట్టేశాను. "ఏ కాయితం బాపు?"

"గదే. ఐదేండ్లది."

చెప్పాను కదా, ఇతిహాసం అని. యుద్ధం ఇక్కడ వస్తుంది. నేను అరిచాను, ఏడ్చాను, నా బతుకు సముద్రంలో కలిసిపోయిందని కూడా అన్నాను. సముద్రం మా ఇంటి నుంచి కనబడదు కూడా. బాపు తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక మెల్లగా అన్నాడు.

"డాక్టరమ్మ మూడు వారాలు రాసింది బిడ్డా. కళ్లు తిరిగి పడ్డదని గుడ రాసింది. గది చూసి ఎవడన్న పనిస్తడా? నేను ఎవ్వరి ఫైల్ల గుడ గంత తక్కువ చూడలే. పక్కన ఇంకోటుంటే జర బరువుంటదనుకున్న."

బాపు స్టోరులో ఇరవై రకాల బోల్టులుంటాయి. ఏది తక్కువైనా లైను ఆగిపోతుంది. తక్కువ పడకుండా చూడటమే ఆయన జీవితమంతా చేసిన పని. నా దగ్గర తక్కువ కనబడితే ఆయన ఊరుకోగలడా? నాకు ఆ క్షణంలో కోపం చల్లారింది. భయం మాత్రం చల్లారలేదు.

"ఫ్యాక్స్ పంపుత. గా రెండో కాయితం చదవొద్దని," అన్నాను.

"నువ్వు వద్దంటే గదే ముందుగాల చదువుతరు," అంది అమ్మ, కంచాలు తీస్తూ.

అమ్మ మాట నిజమే. ఫ్యాక్స్ పంపలేదు.

జూలై మొదట్లో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఎగిరి గంతేసి, కింది వాక్యం చదివి మళ్లీ కూర్చున్నాను. పంపిన అన్ని సర్టిఫికెట్ల ఒరిజినల్స్ వెంట తేవాలట. అన్నీ.

"గింత దిగులెందుకే," అన్నాడు కాక. "మనది ఒరిజినలే. ముద్ర ఇంకా తడి ఆరలే."

బాపు లీవు పెట్టాడు. బొంబాయికి విమానం, అక్కడి నుంచి రైలు. దారి పొడవునా నేను అబద్ధాలు తయారుచేసుకున్నాను. ఎవరిదో కాగితం పొరపాటున మా కవరులో పడింది. పోస్టాఫీసు వాళ్లు కలిపేశారు. నా పేరే ఉన్న ఇంకో అమ్మాయి ఉంది, ఆమె ఎత్తులెక్కుతుంది. రైలు దిగేసరికి చాలా మంచివి మూడు తయారయ్యాయి.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో తెల్లజుట్టు డాక్టరమ్మ, పక్కన ఇద్దరు సార్లు. ఆవిడ ముందు నా ఫైలు, ఫైలు పైన ఆ కాగితం. మార్కుల షీటు కింద ఎక్కడో ఉంది.

"ఎత్తైన చోట్ల పని చేయడానికి భయపడవట?" అంది ఆవిడ.

తయారుచేసిన మూడు అబద్ధాలూ నోటిదాకా ఒకేసారి వచ్చి, గుమ్మంలో ఇరుక్కున్నాయి. బయటకు వచ్చింది వేరేది.

"భయమేనండి. రెండో అంతస్తు బాల్కనీలోకి కూడా వెళ్లను."

"సొంత పనిముట్లు?"

"జామెట్రీ బాక్సుందండి."

ఒక సారు దగ్గాడు. అది దగ్గు కాదని నాకు అనుమానం. ఆవిడ నవ్వలేదు. "ఇదేమిటో చెప్పు," అంది.

తగ్గించకుండా, బాగుచెయ్యకుండా చెప్పాను. మా దగ్గర ఎక్స్‌పీరియన్స్ అంటే ముందు కాగితం వస్తుందని, పని తర్వాత వస్తుందని, అలా వచ్చినవాళ్లే మా చుట్టూ ఉన్న ఇళ్లూ ఫ్యాక్టరీలూ కట్టారని చెప్పాను. నా మీద ప్రేమ ఉన్నవాళ్లు నాకు మూడు వారాలు సరిపోవని ఐదేళ్లు తెచ్చిపెట్టారని చెప్పాను. ఎవరు తెచ్చారో, ఎవరు కవరులో పెట్టారో చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

"ఐదేళ్లు అబద్ధమండి. మూడు వారాలు నిజం. పడిపోవడం కూడా నిజం."

"పడిపోయాక ఏం చేశావు?"

"మర్నాడు టిఫిన్ తిని వెళ్లానండి. మొదటి రోజు తినకుండా వెళ్లాను."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే మా క్లినిక్ డాక్టరమ్మ ఉత్తరం తీసి, చివరి వాక్యం మీద వేలు పెట్టి, దీని గురించి చెప్పమంది. మేస్త్రీ గురించి చెప్పాను, బోరుతో సహా. అందులో నీళ్లు పడ్డాయా అని రెండో సారు అడిగాడు. తెలియదన్నాను. తరువాత కెమిస్ట్రీలో మార్కులు ఎందుకు తగ్గాయని అడిగారు. దానికి మాత్రం నా దగ్గర నిజమూ లేదు, అబద్ధమూ లేదు.

బయట బెంచీ మీద బాపు ఫైలును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమడిగిన్రు?"

"ఎత్తంటే భయమా అని."

"మరేమన్నవ్?"

"భయమే అన్న. కాయితం సంగతి గుడ అంతా చెప్పిన."

ఆయన ఫైలును చంకలో పెట్టుకుని లేచాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. లేదంటే మేడ ఎక్కించి చూస్తుండిరి."

తిరిగి మస్కట్ వచ్చాం. ఆ ఆగస్టు ఎండకు ఏసీలే చెమటలు కార్చాయి. బాపు రోజూ డ్యూటీ నుంచి వస్తూ పోస్టు బాక్సు చూసేవాడు. ఖాళీగా ఉంటే గుమ్మంలోనే "ఏం లేదు" అనేవాడు. ఒకరోజు ఏమీ అనకుండా లోపలికి వచ్చాడు. కవరు విప్పలేదు. అమ్మ ముందు పెట్టాడు. అమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుని నా ముందు పెట్టింది. కాక ఆ రోజు శుక్రవారం కాకపోయినా వచ్చాడు, ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. బల్బు వెలుగులో నలుగురం ఆ కవరును చూస్తూ నిలబడ్డాం. నేను చింపాను.

మొదటి వాక్యంలో సీటు ఇచ్చినట్టు ఉంది. బాపు రెండోసారి చదవమన్నాడు. చదివాను. కాక మూడోసారి చదవమన్నాడు. అమ్మ "తర్వాతది చదువు" అంది.

తర్వాతది ఇలా ఉంది. హాస్టల్‌లో బకెట్, మగ్గు ఇవ్వబడవు. ఎవరివి వారే తెచ్చుకోవాలి. నీళ్లు ఉదయం ఒక గంట మాత్రమే వస్తాయి కాబట్టి బకెట్ పెద్దది, మూత ఉన్నది అయితే మంచిది.